గిట్టోడి కుడికాలు

ఇస్త్‌మినా రేవులో కింది ఊళ్ళకు పోయే పడవ ఎక్కితే, వెనక ఇంజన్ దగ్గర నలభై దాటిన మనిషి ఒకడు కనిపిస్తాడు. పేరు నెఫ్తలీ రెంతెరీయా. మా సాన్ హువాన్ నదిలో ఏ మలుపు దగ్గర ఏ దుంగ మునిగి ఉందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అతను మాట్లాడడు కానీ, పక్కన కూర్చున్న ముసలాయన మీ చెవిలో ఊదకుండా ఉండడు. వీడు టీవీలో కనపడాల్సిన మనిషి అంటాడు. మెదెయీన్ నగరం నుంచి వీడిని వెతుక్కుంటూ మనుషులొచ్చారంటాడు. దిగేటప్పుడు కుర్రకారు ఆగి, మావా, ఒక్కసారి బంతి తన్ని చూపించవా అని బతిమాలుతారు. మోకాలు నొప్పిరా అంటాడు నెఫ్తలీ. ఆ మోకాలికి ఏ నొప్పీ లేదని నది పొడవునా అందరికీ తెలుసు.

అతన్ని పెంచింది అమ్మమ్మ తెయోఫిలా. తల్లి బ్వెనవెంతురా ఓడరేవులో వంటపనికి పోయి, క్రిస్మస్‌కి వస్తే వచ్చేది, లేకపోతే లేదు. తెయోఫిలా మంత్రసాని. మా ఊరు వుయెల్తా లర్గాలోనూ, దాని కింద నాలుగైదు ఊళ్ళలోనూ ఆమె చేతుల్లో పడని పిల్లలు తక్కువ. మా దగ్గర బిడ్డకు బొడ్డు ఊడిన రోజున ఆ పచ్చి గుంటలో ఏదో ఒకటి పొడి చేసి పెడతారు. బంగారు రజను పెడితే బిడ్డ చెయ్యి పెట్టిన చోట బంగారం పడుతుంది. సాలీడును పెడితే అల్లికపని వస్తుంది. మలుగుపామును పెడితే ఎవరి పట్టుకూ చిక్కడు. ఇవన్నీ విని నవ్వేవాళ్ళు ఉంటారు. వాళ్ళ బొడ్డులో ఎవరూ ఏమీ పెట్టి ఉండరు, పాపం.

నెఫ్తలీకి ఆరేళ్ళప్పుడే గుడ్డపీలికల బంతి వాడి పాదం మీదనుంచి దిగేది కాదు. నదిలో నీళ్ళు తగ్గి ఇసుకమేట బయటపడితే చాలు, ఊళ్ళో మగపిల్లలంతా అక్కడే. తొమ్మిదేళ్ళకు రంపం మిల్లులో దుంగలు మోసే మగాళ్ళ మధ్య ఆడేవాడు. సన్నటి పిల్లాడు, ఎముకలు లెక్కపెట్టవచ్చు. కానీ కుడికాలితో కొట్టాడంటే గోలుకు కట్టిన చేపలవల చిరిగేది. ఒకసారి వెదురు స్తంభమే ఊడి నీళ్ళలో పడింది. ఆదివారాలు పై ఊళ్ళ నుంచి, కింది ఊళ్ళ నుంచి పడవలేసుకుని చూడ్డానికి వచ్చేవాళ్ళు.

వచ్చిన ఆడవాళ్ళు తెయోఫిలాను అడక్కుండా ఉంటారా? ఏం పెట్టావమ్మా వాడి బొడ్డులో అని. మొదట్లో ఆమె నవ్వి ఊరుకుంది. అడగ్గా అడగ్గా, పెద్దమృగం గిట్ట అని చెప్పింది. అడవిలో పందికి పెద్దన్నలా ఉండి, ముళ్ళపొదలు తొక్కుకుంటూ పోయే జంతువు అది. దాని గిట్ట అరగదీసి పెట్టిన బిడ్డకు ఎముక విరగదు, వాడి దెబ్బకు ఎదుటివాడు నిలవడు అంటారు. అలాంటి గిట్ట దొరకడం మాటలు కాదు. దాంతో తెయోఫిలా పేరు నది మీద ఇంకాస్త పెరిగింది. పిల్లాడికి గిట్టోడు అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరంటే వాడికి గర్వం. గోలు కొట్టినప్పుడల్లా చొక్కా పైకెత్తి బొడ్డు చూపించేవాడు.

వాడికి పదకొండేళ్ళు వచ్చిన జులైలో, కార్మెన్ మాత పండుగకు కింది ఊరు ప్లాయా ఓందా వాళ్ళు పందెం ఆటకు పిలిచారు. పడవలకు రంగు కాగితాలు కట్టి మాతను నది మీద ఊరేగించారు. తర్వాత ఆట మొదలైంది. ఆపకుండా వాన. తోలుబంతి నీళ్ళు తాగి తాగి చేతికి బరువుగా ఉంది. ప్లాయా ఓందా గోలులో నిలబడ్డవాడు అనానియాస్, కట్టెలు కొట్టే క్రెసెన్సియో కొడుకు. పదమూడేళ్ళవాడు, వెడల్పాటి భుజాలు, ఊరికే నవ్వే నోరు. నెఫ్తలీ బంతితో ముందుకు రాగానే వాడు ఛాతీ చరిచాడు.

"రారా గిట్టోడా, ఇక్కడ కొట్టు. నీకొక్కడికే అనుకున్నావా? మీ అమ్మమ్మ నాకూ పెట్టింది గిట్ట."

అందరూ నవ్వారు. నెఫ్తలీ కూడా నవ్వాడు. నవ్వుతూనే కొట్టాడు.

బంతి నేరుగా ఛాతీకి తగిలింది. అనానియాస్ పడలేదు. బంతిని రెండు చేతులా వాటేసుకుని, చూశావా అన్నట్టు పళ్ళు బయటపెట్టాడు. తర్వాత నెమ్మదిగా ఇసుకలో కూర్చున్నాడు. తర్వాత పక్కకు ఒరిగాడు. వేళాకోళం చేస్తున్నాడనే అనుకున్నారు జనం. లేరా సోంబేరీ అని ఎవరో అరిచారు. నెఫ్తలీ దగ్గరికి వెళ్ళి బంతి లాక్కోబోతే చేతులు వదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కంట్లో వాన పడుతున్నా రెప్ప కొట్టుకోవడం లేదు. నెఫ్తలీ ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసెయ్యాలో వాడికి తెలియలేదు.

పిల్లాడిని ఇంజన్ పడవలో వేసుకుని ఇస్త్‌మినా ఆసుపత్రికి పరుగెత్తారు. ఆ పడవ వుయెల్తా లర్గా మీదుగానే పోవాలి. మావాళ్ళు తెడ్లేసుకుంటూ వెనకాల ఇల్లు చేరారు. తెల్లారి లేచి నెఫ్తలీ అరుగు మీద కూర్చున్నాడు. పొద్దెక్కినా కదల్లేదు. బువ్వకు రమ్మంటే రాలేదు. పడవ తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు ఇంజన్ మోత వినపడితే అనానియాస్ బతికినట్టు. మా నది మీద శవం ఉన్న పడవకు ఇంజన్ వెయ్యరు, నీటివాలుకు వదిలేస్తారు. అందుకని వాడు చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఇంజన్ మోత వినపడాలి, ఎంత దూరాన్నైనా సరే వినపడాలి. అడవిలో కప్పలు అరుస్తుంటే వాటి మీద కోపం వచ్చింది.

పడవ మలుపు తిరిగి కనపడిందే కానీ వినపడలేదు. ఇద్దరు మనుషులు తెడ్లు అడ్డం పెట్టి ఒడ్డుకు తగలకుండా చూసుకుంటున్నారు. మధ్యలో తెల్ల దుప్పటి. ఊళ్ళో వాళ్ళంతా ఒడ్డుకొచ్చి టోపీలు తీశారు. నెఫ్తలీ లేచి ఇంట్లోకి పోయి, మంచం కింద దూరి, రెండు చేతులతో తన కుడికాలిని గట్టిగా పట్టుకున్నాడు. అది మళ్ళీ ఏమైనా చేస్తుందేమోనని వాడి భయం.

ఆ భయం అక్కడితో పోలేదు. పోయినవాడి ఇంట తొమ్మిది దినాలూ పాడాలి, అది మా ఆచారం. ఆ బిడ్డను లోకంలోకి తెచ్చిన మంత్రసాని లేకుండా ఆ పాటలు సాగవు. తెయోఫిలా ప్లాయా ఓందాకు పోయింది. పక్కింటి వాళ్ళు పెట్టిన అన్నం తిని నెఫ్తలీ ఒక్కడే ఉన్నాడు. పక్కింటి చంటిపిల్ల దోగాడుతూ దగ్గరికొస్తే కుడికాలు వెనక్కి లాక్కునేవాడు. మెట్లు దిగేటప్పుడు ఎడమకాలే ముందు. పడుకునేముందు ఆ కాలిని మంచం కోడుకు గుడ్డతో కట్టుకునేవాడు. నిద్రలో అది లేచి ఎవరినైనా తంతే? తన లోపల ఒక జంతువు ఉంది. అది కళ్ళు మూసుకోదు, తన మాట వినదు. ఇన్నాళ్ళూ దాన్ని చూసుకుని మురిసిపోయాడు. ఇప్పుడు అది తనతోపాటు మంచమెక్కి పడుకుంటోంది.

దినాలు ముగిశాక తెయోఫిలా వచ్చింది. వెనకే ఇంకో చిన్న పడవలో క్రెసెన్సియో వచ్చాడు. అతన్ని చూడగానే నెఫ్తలీ లేచాడు. పారిపోదామంటే కుడికాలు కదల్లేదు. మనిషి చేతిలో గొడ్డలి లేదు. టోపీ తీసి, గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగి వచ్చాడు. తెయోఫిలా ఉడకబెట్టిన అరటికాయ, ఎండుచేప పెట్టింది. ముట్టలేదు. పిల్లాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏదీ, ఆ కాలు ఇలా ఇవ్వు నాయనా."

నెఫ్తలీ అమ్మమ్మ వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది. కాలు చాపాడు. క్రెసెన్సియో దాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మడమ మీద ఎండిన బురద బొటనవేలితో రాల్చాడు. చాలాసేపు చూశాడు.

"ఇంతేనా," అన్నాడు. "నా చెయ్యంత లేదు."

నెఫ్తలీకి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఏమంటాడోనని మింగేశాడు. క్రెసెన్సియో కాలిని మెల్లగా నేల మీద పెట్టి, ముసలమ్మ వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అమ్మా, నా కొడుక్కీ నువ్వే కదా పెట్టావు. గిట్టేనన్నావు. ఎముక విరగదు, దెబ్బకు చావడు అన్నావు. నా కళ్ళ ముందే అరగదీసి పెట్టావు. అదే గిట్ట వీడికీ పెట్టానంటున్నావు. మరి ఒకడు బతికి ఒకడు ఎందుకు పోయాడో చెప్పు. అది తెలుసుకుందామనే వచ్చా. ఇంకేం వద్దు."

నలభై ఏళ్ళుగా తెయోఫిలా చేతుల మీదుగా బొడ్డుమందు పడిన పిల్లలంతా, వాళ్ళ పిల్లలంతా ఆ నది మీద ఉన్నారు. వాళ్ళ ధైర్యమంతా ఆమె చెప్పిన మాటలే. ఇప్పుడామె ఏం చెప్పినా అది ప్లాయా ఓందాకు, అక్కడినుంచి సముద్రం దాకా పోతుంది. చివరికి ఒక మాట పట్టుకుంది. గిట్ట ఒకటే కానీ రెండు వైపులుంటాయి, నీ కొడుక్కి అంచు పడింది, వీడికి మడమ వైపు మందం పడింది, మందం ముందు అంచు ఆగదు అని చెప్పింది.

క్రెసెన్సియో తల ఊపాడు. నమ్మాడో, మర్యాదకు ఊపాడో తెలియదు. లేచి పడవలో ఎక్కి వెళ్ళిపోయాడు. నెఫ్తలీ మాత్రం ప్రతి మాటా నమ్మాడు. మందం తనకు పడింది. ఆ నది మీద ఎవరి ఛాతీ అయినా తన ముందు అంచే.

ఆ తర్వాత వాడు ఆడనంటే ఆడనన్నాడు. తోటిపిల్లలు మొదట బతిమాలారు. తర్వాత ఏడిపించారు. పెద్దమృగం పేడ వేస్తోందిరా, కదలడం లేదురా అని వెనకాల పాడేవాళ్ళు. వాడు పలికేవాడు కాదు. బంతి దొర్లుకుంటూ కాళ్ళ దగ్గరికొస్తే పాము వచ్చినట్టు గెంతేవాడు. అయినా చేతులకు పని లేనప్పుడు, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు, ఎడమ పాదం మీద చొంతాదూరో పండు ఎగరేస్తూ ఉండేవాడు. అమ్మమ్మ చూసేది. చూసి లోపలికి పోయేది.

తర్వాతి ఎండాకాలంలో మెదెయీన్ నుంచి ఉర్రెగో అనే ఆయన వచ్చాడు. పెద్ద క్లబ్బుకు పిల్లల్ని ఏరేవాడు. బంతాట నేర్పేవాడు ఎవడైనా మాకు ప్రొఫెయే. నెఫ్తలీ ఎడమ పాదం మీద పండు ఎగరేస్తుంటే చాటుగా ఒక గంట చూసి ఆ ప్రొఫె నిలబడ్డచోటే కూలబడ్డాడు. ఇస్త్‌మినా మైదానంలో వచ్చే ఆదివారం ఎంపిక ఆట ఉంది, తీసుకురండి అన్నాడు. ఎంపికైతే మెదెయీన్‌లోనే బడి, అక్కడే తిండి, అక్కడే పడక. బ్వెనవెంతురా నుంచి తల్లి కబురు పెట్టింది, వాడిని పంపకపోతే నీ ముఖం చూడనని. ఊరు ఊరంతా ఆశపడింది. నెఫ్తలీకి ఆశ లేదు, భయం ఒక్కటే. అక్కడ కూడా ఒక గోలు ఉంటుంది. గోలులో ఒక పిల్లాడు ఉంటాడు. వాడిని చంపుతాను.

ఆదివారం పొద్దున్నే అమ్మమ్మ, మనవడు పడవెక్కారు. ముందువైపు వాళ్ళిద్దరే. ఇంజన్ మోతకు వెనకవాళ్ళకు ఏమీ వినపడదు. వాడు కుడికాలి మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెయోఫిలా తలగుడ్డ సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది.

"ఒరే నెఫ్తలీ. నీ బొడ్డులో గిట్ట లేదురా."

వాడు తల తిప్పాడు.

ఆమె చెప్పుకుంటూ పోయింది. తన దగ్గరున్న గిట్టముక్క చిన్నది. ఎన్నో ఏళ్ళుగా కొద్దికొద్దిగా అరగదీస్తూ వచ్చింది. అనానియాస్ పుట్టినప్పుడు వాడు నీలంగా, ఊపిరి లేకుండా పుట్టాడు, బతకడనుకుని మిగిలినదంతా వాడికే పెట్టేసింది. రెండేళ్ళకు నెఫ్తలీ పుట్టేసరికి ఏమీ లేదు. వాన, ఎటూ పోవడానికి లేదు, పొయ్యిలో బూడిద తీసి పెట్టింది. వట్టి బూడిద. తర్వాత వాడు అలా ఆడుతుంటే, అందరూ వచ్చి అడుగుతుంటే, బూడిద అని ఎలా చెప్పేది? గొప్పకు పోయి అబద్ధం ఆడింది. క్రెసెన్సియో ముందు ఇంకో అబద్ధం ఆడింది. ఆ పిల్లాడికి పుట్టుకతోనే గుండెలో ఏదో తేడా ఉండి ఉంటుంది, బంతి రాయిలా ఉంది, అది దేవుడి పని.

"నీ కాల్లో ఏ మృగమూ లేదురా బిడ్డా. నువ్వు మామూలు పిల్లాడివి. పోయి ఆడుకో."

ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇంత బరువు ఇంతకాలం ఎలా మోశానా అనిపించింది. మనవడు ఏడుస్తాడో, తిడతాడో, వాటేసుకుంటాడో అని చూసింది. వాడు నీళ్ళకేసి చూస్తున్నాడు.

"అయితే అమ్మమ్మా," అన్నాడు, "వాణ్ని కొట్టింది నేనేనన్నమాట."

ఇన్ని నెలలుగా వాడు ఒక జంతువుకు భయపడ్డాడు. దాన్ని తీసేస్తే భయం పోతుందనుకుంది తెయోఫిలా. దాని చోట వాడినే కూర్చోబెట్టింది.

మైదానం నిండా పిల్లలు, తడి గడ్డి, గొడుగులు. నెఫ్తలీకి అరువు బూట్లు తొడిగారు. ఆట మొదలయ్యాక వాడి కాళ్ళు వాడి మాట వినలేదు, ఆడటం మొదలుపెట్టాయి. ఒకడిని తప్పించాడు, ఇద్దరిని తప్పించాడు, జనం లేచి నిలబడ్డారు. గోలు ముందుకొచ్చేసరికి బంతిని పాదం కింద పెట్టి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఇంకెవరికో అందించాడు. మళ్ళీ అలాగే వచ్చాడు, మళ్ళీ అలాగే అందించాడు. మూడోసారి జనం ఈలలు వేశారు. ప్రొఫె ఆట ఆపి తెయోఫిలా దగ్గరికొచ్చాడు. ఇలాంటి కాళ్ళు నేను ఇంతవరకూ చూడలేదు, ఒక్కటంటే ఒక్కటి కొట్టమనండి, ఆ కుర్రాడు ఎవరికి భయపడుతున్నాడు అని అడిగాడు. పెనాల్టీ పెడతాను, అడ్డం ఎవరూ ఉండరు, గోలులో నిలబడేవాడు తప్ప అన్నాడు.

ముసలమ్మ మైదానంలోకి పరుగెత్తింది. తడి గడ్డిలో జారి, లేచి, మనవడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పడవలో చెప్పింది అబద్ధంరా. నీతో ఆడిద్దామని చెప్పా. గిట్ట ఉంది. అదే కొట్టింది వాణ్ని, నువ్వు కాదు. వింటున్నావా? మృగమే కొట్టింది. నువ్వు కాదురా."

నెఫ్తలీ ఆమె కళ్ళలోకి చూశాడు. నిజం ఏదో ఆ కళ్ళలో వెతికాడు, దొరకలేదు. తనకున్న భయమే అక్కడా ఉంది.

"సరే అమ్మమ్మా," అన్నాడు మెత్తగా. "నువ్వు పోయి గొడుగు కింద నించో. తడుస్తావు."

ప్రొఫె బంతిని పెనాల్టీ చుక్క మీద పెట్టాడు. గోలులో ఉన్నవాడు తనకంటే చిన్నవాడు, ముందుపన్ను ఒకటి ఊడింది. నది మీద పిల్లాడే, గిట్టోడి సంగతి విని ఉంటాడు. చేతులు చాపి నిలబడ్డాడు కానీ మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. నెఫ్తలీ ఆ మోకాళ్ళ వైపే చూశాడు. ఈల మోగింది. మళ్ళీ మోగింది. కొట్టరా అని మైదానం అంతా అరిచింది.

వాడు వంగి బంతిని చేతుల్లోకి తీసుకున్నాడు. గోలు దాకా నడిచి వెళ్ళి ఆ పిల్లాడి చేతుల్లో పెట్టాడు, కానీ వెంటనే వదల్లేదు.

"పట్టుకున్నావా?"

"ఆ."

"గట్టిగా పట్టుకున్నావా?"

పిల్లాడు తలూపాడు. వాడి ఛాతీ లేస్తూ పడుతూ ఉంది. అది ఇంకోసారి లేచేదాకా చూసి, అప్పుడు చేతులు వదిలాడు.